నవంబర్‌లో మిన్నెసోటా మంచె ఎక్కాలి, ఎన్ని స్వెట్టర్లు వేసుకోవాలి?

జయపురం_చిన్నోడు
మా అక్కావాళ్ళు మిన్నెసోటాలో ఉంటారు, డులుత్ దగ్గర. బావకి వేట లైసెన్సు ఉంది, ఏటా నవంబర్‌లో జింకల సీజన్‌కి అడవికి పోతాడు. ఈసారి నేను సరిగ్గా అదే టైముకి వెళ్తున్నా. "తుపాకి నీ చేతికివ్వను, పక్కన కూర్చుని నోరు మూసుకుని చూస్తానంటే రా" అన్నాడు. చెట్టుకి ఆనించిన నిచ్చెన, దాని మీద ఇద్దరు కూర్చునే సీటు. చీకటుండగా ఎక్కితే పది, పదకొండు దాకా దిగరట. సున్నాకి కింద ఐదు, ఒక్కోసారి పది డిగ్రీలు.

నాకు మన ఒడిశా కొరాపుట్ చలికే ఆగదు. మొన్న జనవరిలో దేవమాలి కొండ మీద సూర్యోదయం చూద్దామని నలుగురం పోయాం. బండ్లు కింద పెట్టేసి నడిచే ఎక్కాం. బనీను, దాని మీద కాటన్ చొక్కా, రెండు స్వెట్టర్లు, పైన జెర్కిన్. ఎక్కేటప్పుడు కుక్కర్‌లో ఉన్నట్టుంది. పైన కూర్చున్న పావుగంటకి పళ్ళు టకటక. సూర్యుడు వచ్చాడట, నేను చూళ్ళేదు, ఒక బండరాయి వెనకాల ముడుచుకుని పడున్నా. దిగొచ్చాక బండి సైలెన్సర్ దగ్గర చేతులు కాచుకున్నా.

ఎన్ని స్వెట్టర్లు కావాలి? ఊలే కొనాలా? ఇక్కడ కొనాలా, అక్కడ కొనాలా? బడ్జెట్ పది వేలు. సాగదీస్తే పన్నెండు.

మంకీక్యాప్
రెండింటికి ఆగలేదంటే నాలుగు వేసుకో. దీనికి పోస్ట్ ఎందుకు?

పాత_ఫౌజీ
నాలుగు వేసుకుంటే ఇంకా ఎక్కువ వణుకుతాడు. జబ్బు స్వెట్టర్లలో లేదు, బనీనులో ఉంది.

జయపురం_చిన్నోడు
బనీనా? కొత్తదే సార్, చిరుగు కూడా లేదు.

పాత_ఫౌజీ
చిరుగు గురించి కాదు నాయనా. కొండెక్కేటప్పుడు చెమట పట్టింది. నూలు బనీను ఆ చెమటంతా తాగి కూర్చుంది. పైన గాలి తగలగానే ఆ తడి నీ ఒంట్లో వేడిని లాగడం మొదలెట్టింది. నువ్వు తడిగుడ్డ చుట్టుకుని దాని మీద రెండు స్వెట్టర్లు వేసుకున్నావన్నమాట. జ్వరం వచ్చినవాడికి తడిగుడ్డ ఎందుకేస్తారు? వేడి తగ్గాలనే కదా.

19 ఏళ్ళు సర్వీసు చేశాను, అందులో ఆరేళ్ళు కొండల మీదే. పర్లాకిమిడి కుర్రాణ్ణి, మంచు సినిమాల్లోనే చూశాను. మొదటి చలికాలంలో మా ఉస్తాద్ నేర్పింది ఒక్కటే: చలికి భయపడకు, చెమటకి భయపడు.

విస్కాన్సిన్_రాయగడ
ఫౌజీ గారితో నూటికి నూరు పాళ్ళు ఏకీభవిస్తున్నా. మాది రాయగడ, పదకొండేళ్ళుగా విస్కాన్సిన్‌లో ఉన్నా. ఇక్కడ తుపాకి సీజన్ థాంక్స్‌గివింగ్ (నవంబర్ నాలుగో గురువారం వచ్చే పండగ) ముందు శనివారం మొదలై తొమ్మిది రోజులు ఉంటుంది. మీ బావ వాళ్ళకి అంతకంటే ముందే, నవంబర్ మొదట్లో. అందుకే నీకు మాకంత చలి ఉండకపోవచ్చు. ఉండొచ్చు కూడా. ఒకే వారంలో చొక్కాతో తిరిగిన రోజూ చూశా, బాటిల్‌లో నీళ్ళు గడ్డకట్టిన రోజూ చూశా. అందుకే ఒక్క పెద్ద కోటు కొంటే పని జరగదు. విప్పడానికి, వేసుకోవడానికి వీలుగా విడివిడి పొరలు ఉండాలి.

నేను చేసేది చెప్తా. కారు దగ్గర్నుంచి మంచె దాకా ముప్పావు గంట నడక, కొంత ఎక్కుడు. ఆ నడకలో ఒంటి మీద రెండే ఉంటాయి: ఒంటికి అంటుకునే పల్చటి మెరీనో (మెరీనో గొర్రె సన్న ఊలు) బనీను, దాని మీద ఊలు చొక్కా, అదీ గుండీలు విప్పి. టోపీ జేబులో. పెద్ద కోటు మడిచి బ్యాగు మీద కట్టేస్తా. బయలుదేరేటప్పుడు చలేస్తుంది, వెయ్యాలి కూడా. వెచ్చగా బయలుదేరావంటే సగం దారిలో తడిసిపోయావనే. మంచెకి వంద అడుగుల ముందు ఆగి ఐదు నిమిషాలు ఊరికే నిలబడతా. టార్చి వెలుగులో మెడ దగ్గర్నుంచి ఆవిరి లేస్తూ కనిపిస్తుంది. అది ఆగాక టోపీ, స్వెట్టర్, కోటు. అప్పుడు ఎక్కుతా.

మంకీక్యాప్
అంటే డబ్బులు పెట్టి కోటు కొని, బ్యాగుకి తొడగాలి. బాగుంది.

మంచెమీద_మావ
నవ్వుతారు గానీ మేము చేసేదీ అదే. గుణుపూర్ పక్కన మా పొలం. వరి కోతల ముందు పందుల కోసం రాత్రంతా మంచె మీదే. ఇంటి దగ్గర్నుంచి దుప్పటి భుజాన వేసుకునే పోతాం గానీ కప్పుకుని నడవం. మంచె ఎక్కి ఒక చుట్ట కాల్చాక కప్పుకుంటాం. ఎందుకని ఎవరూ అడగలేదు, మా నాన్న అలా చేసేవాడు, నేనూ అలాగే.

బాబూ, మీ బావది మంచె, మాదీ మంచె. తేడా ఏటంటే ఆయన జింక రావాలని కూర్చుంటాడు, మేము పంది రాకూడదని కూర్చుంటాం.

మంకీక్యాప్
మావా, పంది వస్తే ఏం చేస్తావు? మాకూ ఒక ముక్క పంపకూడదా?

మంచెమీద_మావ
డబ్బా కొడతాను. అంతే. ముక్కా లేదు, మూటా లేదు.

అడ్మిన్
ఒక్క మాట చెప్పి పోతా. మన దేశంలో 1972 వన్యప్రాణి రక్షణ చట్టం కింద వేట నేరం. ఇక్కడ చర్చ బట్టల మీద, అక్కడి లైసెన్సు సీజన్ మీద. మన అడవుల్లో ముక్కల ముచ్చట్లు సరదాకి కూడా వద్దు. ఇంకోసారి అలాంటి పోస్ట్ పెడితే తీసేస్తా.

మంకీక్యాప్
సరే సార్. చికెన్ పకోడీతో సరిపెట్టుకుంటా.

సునాబెడ_టీచరమ్మ
చిన్నోడూ, నువ్వు దేవమాలికి వేసుకెళ్ళిన ఆ రెండు స్వెట్టర్లు ఊలేనా? ముందు అది చెప్పు.

జయపురం_చిన్నోడు
ఊలే అక్కా. చలికాలంలో వచ్చే టిబెట్ వాళ్ళ కొట్లో కొన్నా. ఆవిడే చెప్పింది ప్యూర్ ఊల్ అని. ఒక్కోటి ఆరొందలు.

సునాబెడ_టీచరమ్మ
ఆరొందలకి ప్యూర్ ఊలా. ఆ కొట్టులో నేనూ రెండు బేరం ఆడాలి.

బరంపురం_ఊలుకొట్టు
మాది బరంపురంలో బట్టల కొట్టు, నాన్నగారి కాలం నుంచి చలి బట్టలు అమ్ముతున్నాం. టిబెట్ వాళ్ళని ఏమీ అనను. ఒడిశాలోనే ఉన్న చంద్రగిరి టిబెట్ సెటిల్‌మెంట్ నుంచి మా ఊరికి వచ్చేవాళ్ళలో ముప్పై ఏళ్ళుగా పరిచయం ఉన్నవాళ్ళున్నారు, మనుషులు మంచివాళ్ళు. వాళ్ళు అమ్మే సరుకులో ఎక్కువ భాగం లుధియానా నుంచి వస్తుంది, మేం అమ్మేదీ అక్కడిదే. చాలావరకు అక్రిలిక్, అంటే ఫ్యాక్టరీలో చేసిన కృత్రిమ దారం. మన దగ్గర "ఊల్" అంటే దారం పేరు కాదు, స్వెట్టర్‌కి ఇంకో పేరు. అందుకే ఆవిడ అబద్ధం చెప్పిందని కూడా అనలేం.

అక్రిలిక్ చెడ్డదేం కాదు. బజారుకి పోవడానికి, బండి మీద ఆఫీసుకి పోవడానికి భేషుగ్గా ఉంటుంది. చెమట పట్టాక కదలకుండా కూర్చునే పనికి మాత్రం వేరు.

కనిపెట్టడం తేలిక. లోపలి కుట్టు దగ్గర ఒక పోగు లాగు. పట్టకారుతో పట్టుకుని అగ్గిపుల్ల చూపించు. ఊలైతే జుట్టు కాలిన కంపు వస్తుంది, మంట తీసేస్తే దానంతట అదే ఆరిపోతుంది, మిగిలిన బూడిద వేళ్ళ మధ్య నలిపితే పొడి అవుతుంది. అక్రిలిక్ అయితే కరిగి, గట్టి నల్ల పూసలా అవుతుంది, నలగదు. రెండూ కలిపినదైతే రెండు లక్షణాలూ కొంచెం కొంచెం చూపిస్తుంది, అప్పుడు లేబుల్ మీద శాతం చూసుకోవాలి.

జయపురం_చిన్నోడు
ఇప్పుడే కాల్చి చూశా. పూస. రెండోదీ పూసే. పైగా మా ఆవిడ వంటింట్లోంచి ఏం తగలెడుతున్నావని కేకలు.

మంకీక్యాప్
ఏమండీ, మీ ఇంట్లో కరువైనదేదో దొరికింది. పూసలు.

కొండదొర_బైకర్
నేను ఒప్పుకోను. మెరీనో మెరీనో అని ఊదరగొట్టడం అంతా మార్కెటింగ్. ఒక బనీను నాలుగు వేలా? పాలిస్టర్ థర్మల్ ఎనిమిదొందలకి వస్తుంది, ఉతికితే గంటలో ఆరుతుంది. నేను పొట్టంగి ఘాట్ మీద జనవరిలో రాత్రి డ్రైవ్ చేస్తా. ఏనాడూ ఊలు ముట్టలేదు, బతికే ఉన్నా.

విస్కాన్సిన్_రాయగడ
బైకర్ బ్రో, నువ్వన్నదాంట్లో సగం నిజం. పాలిస్టర్ తొందరగా ఆరుతుంది, చవక, గట్టిది. చెమట పట్టి ఆగకుండా నడిచేవాడికి అదే మంచిది, నేనూ వేసవి నడకలకి అదే వేసుకుంటా.

మరి ఊలు ఎందుకు? ఊలు దారం లోపల తన బరువులో దాదాపు 30 శాతం దాకా తేమ దాచుకుంటుంది, ముట్టుకుంటే తడిగా అనిపించదు. పాలిస్టర్ దారం ఒక శాతం కూడా పీల్చదు. పైగా ఊలు ఆ తేమ పీల్చేటప్పుడు కొంచెం వేడి వదులుతుంది. కాసేపు నడిచి, తర్వాత నాలుగు గంటలు శిలలా కూర్చునేవాడికి ఆ తేడా తెలుస్తుంది. రెండోది కంపు. పాలిస్టర్ బనీను ఒక్క రోజుకే వాసనొస్తుంది. మెరీనో నాలుగు రోజులు వేసుకున్నా మా ఆవిడ కారులో పక్కన కూర్చోనిస్తుంది.

మూడోది వేటగాళ్ళకి ముఖ్యం, చప్పుడు. నైలాన్ జెర్కిన్ వేసుకుని చెయ్యి ఎత్తితే కరకరమంటుంది. తెల్లారుజామున అడవిలో ఆ శబ్దం మైకులో చెప్పినట్టే. జింక మనకంటే ముందు వింటుంది. ఊలు కోటు కొమ్మకి రాసుకున్నా గొణగదు. ఇక్కడి పాతతరం వాళ్ళు ఇప్పటికీ తాతల ఊలు కోట్లే వేసుకొస్తారు. ఉల్‌రిచ్ కంపెనీ పెన్సిల్వేనియాలో 1830లో మొదలైంది, ఫిల్సన్ సియాటిల్‌లో 1897లో. ఎర్ర నల్ల గళ్ళ కోటు చూసే ఉంటావు, ఆ బాపతు.

కొండదొర_బైకర్
చప్పుడు సంగతి ఒప్పుకుంటా. బండి మీద నాకు ఆ బాధ లేదు, సైలెన్సర్ ఎలాగూ పగిలింది.

పాత_ఫౌజీ
మా కాలంలో మెరీనో పేరు కూడా వినలేదు. అంగోలా షర్టు ఇచ్చేవాళ్ళు, ఊలూ నూలూ కలిపి నేసింది. దాని మీద జెర్సీ పులోవర్, పైన కోటు. మొదటి వారం గజ్జి వచ్చినట్టు గోక్కున్నాం, తర్వాత అలవాటైంది. నా పాత పులోవర్ ఇంకా ఉంది, మోచేతి దగ్గర గుడ్డ అతుకుతో సహా. డిసెంబర్‌లో తెల్లారి పాల ప్యాకెట్‌కి అది వేసుకునే పోతా.

అందరూ ఛాతీ గురించే మాట్లాడుతున్నారు. చలి కాళ్ళ నుంచి ఎక్కుతుంది. కుర్రాళ్ళు చేసే తప్పు, చలి ఎక్కువని రెండు జతల మేజోళ్ళు వేసి బూటులో కుక్కడం. బూటు బిగిస్తే రక్తం ఆడదు, ఇక మూడు జతలేసినా వేళ్ళు మొద్దుబారతాయి. ఒక్కటే మందపాటి ఊలు జత, బూటు లోపల వేళ్ళు ఆడించేంత చోటు. ఇంకో పొడి జత చొక్కా లోపల, పొట్ట దగ్గర. నడిచి వెళ్ళాక అక్కడ మార్చుకో.

జయపురం_చిన్నోడు
పొట్ట దగ్గర మేజోళ్ళా సార్!

పాత_ఫౌజీ
ఉతికినవే.

సిరొంచ_గొల్లాయన
ఇంతమంది ఇన్ని చెప్తున్నరు, ఒక్కరన్న గొంగడి పేరెత్తలే. మాది సిరొంచ, గడ్చిరోలి జిల్లా. ప్రాణహిత దాటితే తెలంగాణ. మా తాతలు మందతోని అడివిల పండుకున్నోళ్ళు. వానైనా చలైనా ఒక్కటే గొంగడి. కప్పుకుంటే దుప్పటి, పరిస్తే పరుపు, తల మీదికెళ్ళి మడిచి ఏసుకుంటే గొడుగు. దక్కని గొర్రె బొచ్చు, గుంట మగ్గం మీద నేసి, చింతగింజల గంజి పెడ్తరు. వాన చుక్క పడితే జారిపోతది, లోపలికి దిగనీయదు. నాలుగు వేల బనీను ఏం జేస్కుంటవ్ తమ్మీ?

సునాబెడ_టీచరమ్మ
అన్నా, గొంగడి గొప్పదే గానీ ఒంటికి నేరుగా వేసుకుంటే? మా అత్తగారింట్లో ఒకటుంది. దాని మీద కూర్చుని లేస్తే కాళ్ళ మీద ఎర్రటి గీతలు.

సిరొంచ_గొల్లాయన
గుచ్చుతది. ఒప్పుకుంటా. మెత్తగుంటే గొంగడి ఎట్లైతది?

సునాబెడ_టీచరమ్మ
గుచ్చడానికి కారణం దారం మందం. నేను ఇరవై ఏళ్ళ నుంచి అల్లుతున్నా కాబట్టి కొంచెం తెలుసు. మెరీనో పోగు మందం పదిహేడు నుంచి పంతొమ్మిది మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) ఉంటుంది, చర్మానికి తగిలితే వంగిపోతుంది. ముప్పై దాటిన మొద్దు పోగు వంగదు, సూదిలా పొడుస్తుంది. దక్కని ఊలు ఆ మొద్దు రకం. అందుకని ఒంటికి తగిలేది సన్న ఊలు, పైకి పోయేకొద్దీ ముతక ఊలు. ముతకది అరుగుదలకి ఆగుతుంది, సన్నది ఆగదు. నాలుగు వేలు పెట్టగలిగితే ఆ ఒక్క బనీనుకే పెట్టు చిన్నోడూ, మిగతావి ఎలాగైనా సర్దుకోవచ్చు.

ఇంకోటి. చేత్తో అల్లిన స్వెట్టర్ వెచ్చగా ఉంటుంది, కుట్ల మధ్య గాలి నిలుస్తుంది కాబట్టి. అదే గాలి వీచిందంటే ఆ కుట్లలోంచే దూరి ఉన్న వేడిని పట్టుకుపోతుంది. దేవమాలి మీద ఎప్పుడూ గాలే కదా. పైన గాలి ఆపే పొర ఒకటి ఉండాలి, పల్చటిదైనా సరే.

బరంపురం_ఊలుకొట్టు
టీచరమ్మ గారి మాటకి ఒక చిన్న చేర్పు. మెరీనో బనీన్ల మీద 150, 200, 250 అని అంకెలుంటాయి. చదరపు మీటరు గుడ్డకి ఎన్ని గ్రాములని. మొన్న ఒకాయన అది సైజు అనుకుని 250 వద్దు, నాకు పెద్దది అన్నాడు. నడక ఎక్కువుంటే 150, ఎక్కువ కూర్చునేవాడికి 200 చాలు.

మంకీక్యాప్
ఇంత చదువు ఎందుకండీ. ఒక క్వార్టర్ రమ్ము. ఒళ్ళంతా కొలిమి.

పాత_ఫౌజీ
అది కొలిమి కాదు, తలుపు తెరిచిన ఇల్లు. మందు పడితే చర్మం కింద రక్తనాళాలు వెడల్పవుతాయి, లోపలి వేడి చర్మం దగ్గరికొస్తుంది, అందుకే వెచ్చగా అనిపిస్తుంది. అక్కడ్నుంచి బయటికి పోతుంది. రమ్ము కోటా మాకూ ఉండేది, డ్యూటీ అయ్యాక, గదిలో, పడుకునే ముందు. పోస్టు మీద ఎవడూ తాగడు.

విస్కాన్సిన్_రాయగడ
పక్కన తుపాకి పట్టుకున్న బావ, పదిహేను అడుగుల ఎత్తు, నిచ్చెన. రమ్ము ఆలోచన ఇక్కడే వదిలెయ్.

ఎత్తు అంటే గుర్తొచ్చింది. మంచె మీద నడుముకీ భుజాలకీ బెల్టు కట్టుకుని చెట్టుకి తగిలించుకుంటాం. ఇంట్లోనే అన్ని పొరలూ వేసుకుని ఆ బెల్టు పట్టి చూసుకో. మొదటి ఏడాది నేను చూసుకోలేదు. చీకట్లో, చెట్టు కింద, బెల్టు కొస అందక గింజుకుంటూ పది నిమిషాలు. ఆ పది నిమిషాల్లో మళ్ళీ చెమట.

నారింజ రంగు సంగతి కూడా. ఇక్కడ మా రాష్ట్రంలో తుపాకి సీజన్‌లో వేటగాడి నడుము పైన బట్టల్లో సగమైనా మెరిసే నారింజ రంగు ఉండాలి, 2016 నుంచి మెరిసే గులాబీ కూడా ఒప్పుకుంటున్నారు. మీ బావ వాళ్ళ రాష్ట్రంలోనూ ఇలాంటి రూలే. నువ్వు వేటాడకపోయినా వేసుకో. పల్చటి చొక్కా చాలు, కోటు మీద తొడుక్కునేంత వదులుగా. జింకకి ఆ రంగు మనకి కనిపించినట్టు కనిపించదు, పక్క మంచెలో ఉన్న మనిషికి మాత్రం బాగా కనిపిస్తుంది. కావలసింది అదే.

కొండదొర_బైకర్
గులాబీ వేసుకో చిన్నోడా. ఫొటో పెట్టు.

జయపురం_చిన్నోడు
పెడతా పెడతా. సరే, ఇప్పటిదాకా అర్థమైంది ఇది: లోపల మెరీనో 200 ఒకటి, కింద ఒంటికి అలాంటిదే పైజామా ఒకటి, మధ్యలో నిజం ఊలు స్వెట్టర్, పైన బావ పాత ఊలు కోటు ఒకటుందట, అది. మేజోళ్ళు రెండు జతలు, పొట్ట దగ్గర ఒకటి. మరి ఇక్కడెలా పరీక్ష చేసుకోవాలి? అక్కడికెళ్ళి మంచె మీద తెలుసుకోవడం కష్టం కదా.

మంచెమీద_మావ
మా పొలానికి రా. అక్టోబర్ ఆఖరికి మేము మంచె ఎక్కుతాం. అప్పటికి మీ అమెరికా చలి ఉండదు గానీ తెల్లారుజామున బాగానే కొరుకుతుంది. మా పొలం గెడ్డ పక్కనే, పల్లంలో. గట్టు మీద కంటే అక్కడ చలి ఎక్కువ, రాత్రి చల్లగాలంతా కిందికి దిగి అక్కడే నిలబడిపోతుంది. మంచు కూడా పడుతుంది, దుప్పటి పిండితే నీళ్ళొస్తాయి. టీ నేను పెడతాను. డబ్బా నువ్వు కొట్టాలి.

జయపురం_చిన్నోడు
వస్తా మావా. మెసేజ్ చేస్తా.

సునాబెడ_టీచరమ్మ
కొన్న ఊలు ఎలా ఉతకాలో ఎవరూ చెప్పలేదు. చల్లటి నీళ్ళు, తలకి పెట్టుకునే షాంపూ కొంచెం, పిండకూడదు, తువ్వాలులో చుట్టి అదిమి, నీడలో పరిచి ఆరబెట్టాలి. తీగ మీద వేలాడేస్తే సాగుతుంది. మావారికి నేను మూడు నెలలు కూర్చుని అల్లిన స్వెట్టర్‌ని ఆయనే ప్రేమగా వేడినీళ్ళ మెషీన్‌లో వేశారు. ఊలు పోగు మీద చేప పొలుసుల్లాంటివి ఉంటాయి, వేడికీ రాపిడికీ అవి ఒకదాన్నొకటి పట్టేసుకుంటాయి, ఇక విడవవు. బయటికి తీస్తే మా ఐదేళ్ళ మనవడి సైజు. మందంగా, అట్టలా. మనవడు దానికి "తాత స్వెట్టర్" అనే పేరు పెట్టుకుని రెండు చలికాలాలు వేసుకున్నాడు.

బరంపురం_ఊలుకొట్టు
దాచేటప్పుడు ఉతికి దాచండి. పురుగుకి ఊలు కంటే ఊలు మీది చెమట మరకలు ఇష్టం. ఎండు వేపాకు వేయండి, నాఫ్తలీన్ ఉండలైతే గుడ్డలో కట్టి పెట్టండి.

జయపురం_చిన్నోడు
రిపోర్ట్. నిన్న రాత్రి మావ మంచె మీద ఉన్నా.

ఊరి చివర బండి పెట్టి గట్ల మీద అరగంట నడక. మీరు చెప్పినట్టే మెరీనో బనీను, పైన పల్చటి చొక్కా, అంతే. స్వెట్టరూ జెర్కినూ బ్యాగు మీద. మావ నన్ను చూసి "నేర్చుకున్నావు" అన్నాడు. మంచె కింద ఆగా. నిజంగానే మెడ దగ్గర్నుంచి పొగ లేచింది, విస్కాన్సిన్ అన్నా, టార్చి వేసి చూశా. ఆగాక అన్నీ తొడుక్కుని ఎక్కా. మేజోళ్ళు మార్చుకున్నా. ఫౌజీ సార్, పొట్ట దగ్గర్నుంచి తీసిన ఆ జత వేసుకుంటుంటే వేడి వేడి ఇడ్లీలో కాలు పెట్టినట్టుంది.

ఒకటి రెండు గంటలప్పుడు ఏం తెలీలేదు. మూడున్నరకి మంచు దిగింది, డబ్బా మీద చెయ్యి పెడితే తడి. ఛాతీ వెచ్చగా ఉంది, కాళ్ళు బాగున్నాయి. పందులు రెండుసార్లు వచ్చాయి, డబ్బా వాయించా. నాలుగు దాటాక మొదలైంది కొత్త బాధ. కూర్చున్న చోట. మంచె వెదుళ్ళది కదా, సందుల్లోంచి కింద నుంచి గాలి. పిర్రలు మంచుగడ్డలు. మీరందరూ పైనుంచి కిందిదాకా చెప్పారు గానీ కూర్చునే భాగం గురించి ఒక్కరూ చెప్పలేదు!

మావ ఏం మాట్లాడకుండా తన కింద ఉన్న పాత గొంగడి ముక్క తీసి, మడిచి, నా కింద పెట్టాడు. ఐదు నిమిషాల్లో సర్దుకుంది. బరువుకి అణిగిపోదు, తడిసినా చల్లగా తగల్లేదు. గొర్రె కంపు మాత్రం తెల్లారేదాకా.

సిరొంచ_గొల్లాయన
చూసిన్రా! నేను ముందే చెప్పిన. ఎవలన్న ఇన్నరా?

సునాబెడ_టీచరమ్మ
ఒంటికి నేరుగా వద్దన్నాను గానీ కింద వేసుకోవద్దనలేదు. ఓడిపోలేదు నేను.

పాత_ఫౌజీ
నాదే తప్పు. మాకు పోస్టులో కూర్చోవడానికి ఇసుక బస్తాలుండేవి, అందుకే తట్టలేదు. మీ బావ మంచెది ఇనప సీటైతే వెదురు కంటే ఇంకా లాగుతుంది వేడిని.

విస్కాన్సిన్_రాయగడ
ఇక్కడ మేము ఫోము ముక్క వేసుకుంటాం, చెప్పడం మర్చిపోయా, సారీ. అది జరిగితే కీచుమంటుంది కూడా. గొంగడి ముక్క ఆలోచన నాకే నచ్చింది. తమ్ముడూ, సూట్‌కేసులో చోటుంటే మీ బావకొకటి, నాకొకటి తీసుకురా. డులుత్ నుంచి పోస్టులో పంపు, ఖర్చు నాది. బాగా ఉతికి, ఎండబెట్టి తీసుకురా, గొర్రె కంపుకి ఎయిర్‌పోర్టులో కుక్క వచ్చి కూర్చుంటే మీ అక్క నన్ను తిడుతుంది.

జయపురం_చిన్నోడు
గొల్లాయన అన్నా, ఒక గొంగడి నుంచి ఎన్ని ముక్కలొస్తాయి? సీటు రెండు జానల వెడల్పు, ఇద్దరు కూర్చునేది నాలుగు జానలు అనుకో.

సిరొంచ_గొల్లాయన
కొత్త దాన్ని కొయ్యకు, పాపం తగుల్తది. మా ఇంట్ల ఎలుక కొట్టిన పాతదొకటున్నది, అండ్ల మంచి జాగల మూడు ముక్కలెల్తయి. కోసినంక చుట్టూ అంచు కుట్టియ్యి, లేకుంటే పోగులు లేస్తయి. ఎప్పుడు పోతున్నవ్?

జయపురం_చిన్నోడు
నవంబర్ 2.

సిరొంచ_గొల్లాయన
అయితే రేపే బస్సుకేస్తా. అడ్రస్ మెసేజ్ పెట్టు.

మంకీక్యాప్
ఇంకో ముక్క మిగిల్తే నాకు. ఆఫీసులో ఏసీ కింద సీటు నాది.